ఇద్దరూ చూడాలి

ఆ వానాకాలం మా ఇంట్లో ఏ వస్తువూ ఉన్నచోటు నుంచి అంగుళం కదలలేదు. నీళ్ళ బిందె, స్టూలు, చెప్పులు, అక్క కుట్టుమిషన్, గోడకి కొక్కెం, కొక్కేనికి తువ్వాలు, అన్నీ ఎక్కడివక్కడే. ఒకరోజు ఉక్కపోతకి తట్టుకోలేక స్టూలు రెండడుగులు కిటికీ వైపు లాక్కుని కూర్చున్నాను. లోపల్నుంచి వచ్చిన అక్క నన్ను చూడలేదు, స్టూలుని చూసింది.

"ఎవర్రా దాన్ని జరిపింది?"

"నేనే. కొంప మునిగిందా? స్టూలేగా."

"ఎక్కడ తీశావో అక్కడ పెట్టు."

"ఆ రెండడుగుల జాగా దాని పేర రాసిచ్చావా ఏంటక్కా?"

"వాగుడు తర్వాత. ముందు పెట్టు."

పెట్టాను. అక్కకి అప్పటికి నలభై కూడా లేవు. ఇంత చిన్న వయసులోనే చాదస్తం పట్టుకుందేంటి, ముసలిదయ్యాక మమ్మల్ని బతకనిస్తుందా అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

మా ఇల్లు అంటున్నానే గానీ అది బావ ఇల్లు. పని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి, నాలుగు రోజులుంటానని చెప్పి అక్కడే పాతుకుపోయాను. బావ నీళ్ళ కింద పనిచేసే డైవర్. నేను ఆయన తాడు పట్టుకునేవాణ్ణి. మూడేళ్ళుగా అదే మా బతుకుతెరువు. ఆయన కింద, నేను పైన, మధ్యలో తాడు, తాడు పక్కన గాలి గొట్టం.

మా పని ఊరికి తాగునీళ్ళు పంపే జలాశయం దగ్గర. గట్టు కింద మూడు తూములుండేవి. ఒక్కో తూములోంచి నీళ్ళు ఒక్కో బావిలోకి పోతాయి, బావిలోంచి పంపు లాగుతుంది. తూముకి ముందు చెత్త ఆపడానికి ఇనుప ఊచల జాలీ, జాలీ వెనక నీళ్ళు ఆపడానికి షట్టరు. వాన పడిందంటే కొమ్మలు, దుంగలు, చిరిగిన వలలు, చచ్చిన పశువులు, ఒకసారైతే కాళ్ళు విరిగిన మంచం, అన్నీ కొట్టుకొచ్చి ఆ జాలీలకి అతుక్కుంటాయి. అవి తీసెయ్యాలి, వంగిన ఊచలు సరిచెయ్యాలి. ఇదంతా ముప్ఫై అడుగుల లోతున, కళ్ళకి ఏమీ కనబడని చోట.

ఏమీ కనబడదంటే జనం పొగమంచు లాంటిదేదో ఊహించుకుంటారు. అలా కాదు. కొత్త నీళ్ళు దిగాక ఆ బురదలో మాస్కు అద్దానికి అరచెయ్యి ఆనించి పెట్టుకున్నా చెయ్యి కనబడదు. లైటు వేస్తే ఇంకా అన్యాయం, కళ్ళ ముందు ఎర్రటి గోడ లేస్తుంది. ఏది పైన, ఏది కింద అన్నది కూడా నీటి బుడగలు చెవి వైపు పోతున్నాయా ముక్కు వైపు పోతున్నాయా అని పోల్చుకుని తేల్చుకోవాలి. నేనూ మొదట్లో డైవర్ అవుదామనే నాలుగుసార్లు దిగాను. నాలుగుసార్లూ గుండె నోట్లోకొచ్చి, తాడు లాగి పైకొచ్చేశాను.

"కళ్ళు తెరిచే పెట్టుకున్నావు కదూ?" అని అడిగాడు బావ.

"మూసుకుంటే ఎలా బావా?"

"తెరిస్తే చూడాలని ఆత్రం పుడుతుంది. కనబడదు. ఇంకా ఆత్రం పుడుతుంది. మూసేసుకో, చేతుల్ని చూడనీ."

నావల్ల కాలేదు. చీకట్లో కళ్ళు మూసుకోవడమంటే చావుకి తలుపు తీసినట్టు ఉండేది నాకు. అందుకే తాడు పట్టుకున్నాను. బావ మాత్రం కళ్ళు మూసుకుని దిగి, గంటన్నర తర్వాత పైకొచ్చి, ఏడో ఊచ వంగింది, తొమ్మిదో దానికి కింద అతుకు ఊడింది, బోల్టు మీద రెండు చుట్లు అరిగాయి అని వరసగా చెప్పేవాడు. వేసవిలో నీళ్ళు తేటపడ్డాక చూస్తే అక్షరం పొల్లుపోయేది కాదు.

తాడుకి మా ఇద్దరి మధ్య ఒక భాష ఉండేది. ఒక్క లాగు లాగితే "ఉన్నావా?" తిరిగి ఒక్క లాగు వస్తే "ఉన్నాను." రెండంటే తాడు వదులు చెయ్యి. మూడంటే పైకి లాగు. నాలుగంటే ప్రాణం మీదికొచ్చింది. మూడేళ్ళలో నాలుగు ఎప్పుడూ రాలేదు.

దిగే ముందు ఒక తంతు ఉండేది, అది బావ పెట్టిన కట్టుబాటు. ఏ తూము దగ్గర పనైతే ఆ షట్టరు పూర్తిగా కిందికి దిగిందో లేదో చూసుకోవాలి. బావి ఖాళీగా ఉన్నప్పుడు షట్టరు కింద నాలుగు వేళ్ళ సందున్నా చాలు, జలాశయం బరువంతా ఆ సందులోంచే దూరాలని తోస్తుంది. అడ్డంగా మనిషి చెయ్యి ఉంటే దాన్నీ లాక్కుపోతుంది. పంపుహౌసులో ఆపరేటరు దీపం చూసి "షట్టరు పడింది" అంటాడు. ఆ దీపానికి మోటారు ఆగిందని తెలుసు గానీ ఎందుకు ఆగిందో తెలియదు. అడుగున దుంగ అడ్డుపడి ఆగినా దీపం వెలుగుతుంది. నిజం చెప్పేది షట్టరు కడ్డీ ఒక్కటే. గట్టు మీదికి పొడుచుకొచ్చిన ఆ కడ్డీ మీద తెల్ల గీత ఉంటుంది. షట్టరు నేలకి ఆనితే ఆ గీత ఇత్తడి పలకకి సమానంగా వస్తుంది. కడ్డీ చుట్టూ ఇనుప గూడు కట్టేశారు, వేలు దూరదు. వంగి కళ్ళతో చూడాల్సిందే.

ముందు ఒకడు వంగి చూసి "చూశాను" అనాలి. తర్వాత రెండోవాడు వంగి చూసి "చూశాను" అనాలి. అప్పుడే పుస్తకంలో సంతకాలు. "ఇద్దరూ చూడాలి. నేను చూశాను కదా అని నువ్వు మానెయ్యకు. నువ్వు చూశావు కదా అని నేను మానెయ్యను" అనేవాడు బావ. మా సూపర్‌వైజరుకి ఈ తంతు చూస్తే ఒళ్ళు మండేది. ఆయన్ని మేమందరం గడియారం అని పిలిచేవాళ్ళం. నిమిషానికోసారి మణికట్టు చూసుకోకపోతే ఆయనకి ఊపిరాడదు.

మొదటి వానలు పడ్డ వారంలోనే ఒక ఉదయం నేను వంగి చూస్తే గీత ఇంకా జానెడు పైనే ఉంది, మెల్లగా దిగుతోంది. నేనింకా నోరు తెరవకముందే పక్కన వంగిన బావ "చూశాను" అన్నాడు.

"బావా, ఇంకా దిగుతోందిగా?"

"అదేరా. దిగుతోంది, చూశాను అంటున్నా."

కంప్రెసరు చూసే పెద్దాయన, మా అందరికీ మామ, పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, గొంతు దాటి కిందికి దిగలేదు ఆ నవ్వు. ఆ మధ్యాహ్నం మెట్ల మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు చెయ్యి ఆయన మొహం ముందు పెట్టాను.

"బావా, నా చేతిలో ఏముంది?"

"నీ తలకాయుంది."

"నిజంగా అడుగుతున్నా."

ఆయన ముక్కుతో గాలి పీల్చాడు, వాసన పట్టాలనుకున్నాడు కాబోలు. "టీ గ్లాసు" అన్నాడు చివరికి.

"ఖాళీ చెయ్యి బావా."

ఆయన తల వంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళ నరాలు ఎండిపోతున్నాయట. పక్క ఊళ్ళో డాక్టరుకి చూపించుకుని ఏడాది దాటిందట. ముందు అంచులు పోయాయి, ఇప్పుడు మధ్యలోనూ మసక. వచ్చే ఏటికి పగలూ రాత్రీ ఒకటే అని చెప్పాడట డాక్టరు.

"మరి ఇంకా దిగుతున్నావేంటి బావా? మతుండే చేస్తున్నావా?"

"కింద అందరం గుడ్డివాళ్ళమే కదరా. అక్కడ నాకంటే బాగా చూసేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. పైకొస్తేనే నాకు ఇబ్బంది."

ఆయన లెక్క ఆయనకుంది. వానాకాలం అయిపోగానే కంపెనీ కొత్త డైవర్లకి పని నేర్పే బడి తెరుస్తోంది. అక్కడ పెద్ద గురువుగా బావనే వేస్తామన్నారు. నీళ్ళలోకి దిగక్కర్లేదు, గట్టు మీద కూర్చుని ముడులు, అతుకులు, బోల్టులు నేర్పడమే. దానికి రెండే కావాలి. ఈ వానాకాలం పని మధ్యలో ఆపకుండా ముగించాలి, కొత్తగా పెట్టిన ఆరోగ్య పరీక్షలో పాసవ్వాలి.

"అక్కడ కళ్ళకి గుడ్డ కట్టి నేర్పుతారట" అన్నాడు. "నాకు గుడ్డ కూడా అక్కర్లేదు."

నేను నవ్వలేదు.

"మీ అక్కకి తెలియకూడదు. తెలిసిందా, ఇంట్లో మూల కూర్చోబెట్టి పాలు, మందులు. సామానులో సామానైపోతాను."

"మరి గీత సంగతి?"

"నీ కళ్ళున్నాయిగా. ముందు నువ్వు చూడు, 'చూశాను' అను. నీ వెనకే నేనంటా."

సరేనన్నాను. ఇద్దరూ చూడాలన్న కట్టుబాటు ఆ మెట్ల మీదే తెగిపోయింది. అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను, ఎందుకంటే మూడేళ్ళు నాకు అన్నం పెట్టిన మనిషిని గుడ్డివాడని నలుగురిలో చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆరోగ్య పరీక్షకి తనకంటే ముందు నన్ను పంపాడు. గోడ మీది పటంలో ఎనిమిది వరసల అక్షరాలు. నా పరీక్ష అయ్యేలోపు ఐదు వరసలు కంఠతా పట్టాను, మిగతా మూడూ అరచేతిలో రాసుకొచ్చాను. రెండు రోజులు బావ అదే పని. భోంచేస్తూ, పళ్ళు తోముకుంటూ, చొక్కా తొడుక్కుంటూ గొణుగుడే.

"ఏంటండీ ఆ మంత్రాలు?" అంది అక్క.

"కొత్త తాడు లెక్కలే."

"ఆహా" అని అక్క మిషన్ తొక్కడంలో పడిపోయింది. ఆ రోజుల్లో ఆమె బావ చొక్కాల కాలరు లోపల దారంతో చిన్న చిన్న ముడులు వేస్తుండేది. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, మరోదానికి మూడు. ఏంటవని అడిగితే చాకలి గుర్తు అంది. "మనింట్లో చాకలివి నువ్వేగా" అన్నాను. "అయితే నాకే గుర్తు. నోరు మూసుకుని ఆ సూదిలో దారం ఎక్కించు" అంది. ఎక్కించాను. అక్కకి దారం ఎక్కించే పని ఎప్పుడూ నాదే.

పరీక్ష రోజు నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. బయట నలభై మంది వరసలో ఉన్నారు, డాక్టరుకి తల ఎత్తే తీరిక లేదు. "మూడో వరస" అన్నాడు, బావ గడగడా చదివేశాడు. తర్వాత డాక్టరు వరస పేరు చెప్పకుండా కర్రతో పటం మీద టక్కుమని కొట్టాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బావ ఒక్క క్షణం ఆగాడు. ఆ టక్కు ఎంత కిందనుంచి వచ్చిందో విని పోల్చుకున్నాడు. చివరి వరస, చీమ తలకాయంత అక్షరాలు, తడుముకోకుండా అప్పజెప్పాడు.

"అబ్బో, అది నాకే కనబడదయ్యా. గద్ద చూపు నీది" అన్నాడు డాక్టరు. కాగితం మీద కూడా అలాగే రాసినట్టున్నాడు. బయటికొచ్చి ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. ఆ వానాకాలంలో మేము మనస్ఫూర్తిగా నవ్వింది అదే ఆఖరు.

తర్వాత మూడు వారాలు బాగానే నడిచింది. నేను వంగి చూసి "చూశాను" అనేవాణ్ణి, నా వెనకే బావ వంగి "చూశాను" అనేవాడు. పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు ఆయన పెట్టాల్సిన చోట నా వేలు ఆనించి ఉంచేవాణ్ణి. ఎవరికీ అనుమానం రాలేదు. నాకే అప్పుడప్పుడు, ఈయనకి నిజంగా కనబడుతోందేమో అనిపించేది, అంత బాగా నటించేవాడు.

ఆ రోజు మూడో తూము. వరదకి దుంగ తగిలి జాలీకి రెండు ఊచలు విరిగాయి. విరిగిన సందులోంచి చెత్త లోపలికి పోయి జాలీకీ షట్టరుకీ మధ్య కూరుకుంది. మూడో పంపు బాగుచెయ్యడానికి బావి అంతకు ముందు రోజే ఖాళీ చేశారు. పైన వాన, కింద బురద. మధ్యాహ్నానికల్లా అయిపోవాలని గడియారం పొద్దున్నుంచీ ప్రాణం తీస్తున్నాడు.

సరిగ్గా బావ మాస్కు తొడుక్కునే వేళకి గాలి గొట్టం అతుకు దగ్గర బుస్సుమంది. నేను స్పానరు తీసుకుని కంప్రెసరు దగ్గరికి పరుగెత్తాను. పోతూ పోతూ కడ్డీ పక్కనుంచే పోయాను. ఆగలేదు. అతుకు బిగిస్తుండగా వెనకనుంచి గడియారం గొంతు వినబడింది.

"షట్టరు పడిందట. ఆ గీతేదో చూసి సంతకాలు పడెయ్యండి. డైవరూ, నువ్వు చెప్పు."

బావ వంగినట్టున్నాడు. నేను చూడలేదు. "చూశాను" అన్న మాట మాత్రం విన్నాను. ఎప్పటిలాగే నిబ్బరంగా ఉంది గొంతు.

"నువ్వేమయ్యా?"

"చూశాను" అన్నాను నేను, అతుకు మీంచి తల ఎత్తకుండా.

ఎందుకన్నావని ఆ తర్వాత నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. అబద్ధం చెప్పాలని అనలేదు. బావ చూశాను అన్నాడు, అంతే. మూడేళ్ళపాటు ఆయన చూశానంటే అది చూసినట్టే. ఆయనకి కళ్ళు లేవన్న సంగతి నాకు తెలిసి కొన్ని వారాలే అయింది. ఆ ఒక్క క్షణం మర్చిపోయాను. అంతకంటే నా దగ్గర జవాబు లేదు.

పన్నెండు నిమిషాలు అంతా మామూలే. నేను ఒక్క లాగు, ఆయన ఒక్క లాగు. పదమూడో నిమిషంలో తాడు నా చేతిలో నాలుగుసార్లు గుంజుకుంది. లాగాను. ఇంచు కూడా రాలేదు. మామ వచ్చి పట్టుకున్నాడు, గడియారం పట్టుకున్నాడు, ముగ్గురం లాగినా బండరాయికి కట్టినట్టు కదల్లేదు.

అప్పుడు తల తిప్పి కడ్డీని చూశాను. తెల్ల గీత ఇత్తడి పలకకి నాలుగు వేళ్ళ పైన ఉంది.

గడియారం పంపుహౌసు వైపు తిరిగి "షట్టరు ఎత్తండి" అని అరవబోతే మామ ఆయన నోరు నొక్కేశాడు. ఎత్తితే మనిషి మొత్తం లోపలికి పోతాడు. దించితే చెయ్యి తెగుతుంది. దారి ఒక్కటే, పక్క బావిలోంచి మూడో బావిలోకి నీళ్ళు వదలాలి. లోపలా బయటా నీళ్ళు సమానమైతే లాగుడు దానంతటదే ఆగుతుంది. దానికి అరగంట పైగా పడుతుంది. మామ వాల్వు దగ్గరికి పరుగెత్తుతూ "గాలి ఆగకుండా చూడు" అని గడియారాన్ని కంప్రెసరు ముందు కూలేశాడు. గడియారం ఆ అరగంటలో ఒక్కసారి కూడా చేతి వైపు చూసుకోలేదు.

నేను తాడుని కమ్మీకి కట్టి, రెండో మాస్కు తగిలించుకుని దిగాను. ఎవరూ దిగమనలేదు. ఆయన తాడు పట్టుకుని జారుతూ పోయాను. పదడుగులకే కళ్ళ ముందు ఎర్రటి గోడ లేచింది. గుండె పాత పాట అందుకుంది. అప్పుడు కళ్ళు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి, గట్టిగా.

ముందు ఆయన బూటు తగిలింది. తర్వాత నడుముకి కట్టిన సీసం దిమ్మలు. తర్వాత భుజం. మనిషి జాలీకి అతుక్కుపోయి ఉన్నాడు. విరిగిన ఊచల సందులోంచి కుడి చెయ్యి లోపలికి పోయింది. చెత్త తీస్తూ అడుగుదాకా చెయ్యి పెట్టాడు, సందుని మూసి ఉంచిన చెత్త ఊడగానే షట్టరు కింది సందు దాన్ని మణికట్టు దాకా మింగింది. నేను ఆ చేతి వెంట వేళ్ళతో తడుముకుంటూ పోతున్నాను. మోచేయి దాటగానే నీళ్ళు నా వేళ్ళని కూడా లాగడం మొదలుపెట్టాయి.

ఆయన ఎడమ చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో నా మణికట్టు పట్టుకుని ఇవతలికి లాగేసింది. నేను మళ్ళీ ముందుకి చాపాను. మళ్ళీ లాగేసింది, ఈసారి పిల్లాడి చేతి మీద కొట్టినట్టు ఒకటి కొట్టి. తర్వాత నా చెయ్యి తీసుకెళ్ళి తన ఛాతీ మీద పెట్టుకుని అదిమి పట్టుకున్నాడు.

అలాగే ఉండిపోయాం. నేను ఒకసారి నొక్కితే ఆయన ఒకసారి నొక్కేవాడు. ఉన్నావా, ఉన్నాను. ఎన్నిసార్లో లెక్క లేదు. మధ్యలో ఒకసారి చాలాసేపు తిరిగి నొక్కలేదు. ఆ మధ్య నేను ఏమైపోయానో ఇప్పుడు చెప్పలేను. తర్వాత మెల్లగా నొక్కాడు. నీళ్ళు సమానమయ్యాక ఆయన బరువు ఒక్కసారిగా నా మీద వాలింది.

కుడి చెయ్యి మణికట్టు పైకి తీసేశారు. అంతకంటే పైకి పోకుండా ఆగినందుకు సంతోషించమన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఆయనకేం తెలుసు? బావ కళ్ళు రెండూ ఆ అరచేతిలోనే ఉండేవి.

విచారణకి ఇద్దరు అధికారులు ఆసుపత్రికే వచ్చారు. మంచం పక్కన నేను నిలబడ్డాను, కాళ్ళ దగ్గర అక్క కూర్చుంది. నిజం చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను. బావ నాకంటే ముందే మొదలుపెట్టాడు.

"గీత పలకకి సమానంగానే ఉందండి. నా కళ్ళతో చూశాను. మా వాడూ చూశాడు. తర్వాత ఏ అదురుకో షట్టరు లేచి ఉంటుంది."

అధికారి కాగితాలు తిరగేశాడు. ఆరోగ్య పరీక్ష పత్రం దొరికింది. "చివరి వరస కూడా చదివారే" అన్నాడు మెచ్చుకోలుగా. గద్ద చూపున్న మనిషి చూశానన్నాక ఇంక ఎవరు ఎవర్ని అడుగుతారు? యంత్రంలో లోపం అని రాసుకుని, బావ ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకుని వెళ్ళిపోయారు. నేను నోరు మూసుకునే ఉన్నాను. నేరం ఒప్పుకోకుండా బతికి బయటపడ్డ మనిషికి ఎంత తేలిగ్గా ఉంటుందో ఒక్క గంటసేపు నాకు తెలిసొచ్చింది. ఆ గంట గడిచాక ఎప్పుడూ అంత తేలిగ్గా లేను.

అక్క బయటికి వెళ్ళాక బావ పిలిచాడు. "ఆ రోజు కడ్డీ పక్కనుంచి నీ అడుగుల చప్పుడు విన్నాన్రా. చూసే పోయావనుకున్నా. చూశావో లేదో నేనడగను. నువ్వూ చెప్పకు."

బడి తెరిచారు, గురువుగా వేరే ఎవర్నో వేశారు. ముడులు వెయ్యడం నేర్పాలంటే రెండు చేతులుండాలి కదా.

ఇంటికి తెచ్చాం. అప్పటికి వానలు వెనకబట్టాయి. ఒక సాయంత్రం బావ గదిలో పడుకుని ఉన్నాడు. అక్క మిషన్ ముందు కూర్చుని తొక్కకుండా చక్రం మీద చెయ్యి వేసి ఉంది. ఉన్నట్టుండి ఆ పటంలో చివరి వరస, చీమ తలకాయంత అక్షరాలు, మెల్లగా అప్పజెప్పింది. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసక్కా?"

"పోయిన ఏడాది నుంచి. స్టూలు తన్నుకుని పడ్డారు. లేచి, నన్నే తిట్టారు, దారిలో పెట్టావని. దాని చోటు అదే, పదేళ్ళుగా."

స్టూలు, బిందె, చెప్పులు, కాలర్లో ముడులు, అన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు తిరిగాయి. ఆ చొక్కాలు రోజూ తడిమి తొడుక్కున్న బావకి, అక్కకి తెలుసన్న సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే ఉంటుంది. ముగ్గురం ఒకే కప్పు కింద, ఒకే రహస్యాన్ని ఒకరి దగ్గర ఒకరం దాచిపెట్టుకుని బతికాం.

"మరి ఆపలేదేం అక్కా?"

"ఆపితే ఆయన గుడ్డివాడు. ఆపకపోతే డైవరు. ఆ మాట నేను నోటితో అన్నరోజు ఆయన లేచి నిలబడరని తెలుసు నాకు." చక్రాన్ని అర చుట్టు తిప్పింది. "పైన నువ్వున్నావు కదా అనుకున్నాను."

ఆమె నా వైపు తిరిగింది.

"ఆ రోజు గీత నువ్వు చూశావా?"

అబద్ధం ఆడొచ్చు. బావ నాకు అబద్ధం సిద్ధంగా ఇచ్చే ఉంచాడు. అక్క మొహంలోకి చూస్తే చేతకాలేదు.

"లేదక్కా."

తిడుతుందనుకున్నాను. ఇంట్లోంచి పొమ్మంటుందనుకున్నాను, పోవడానికి సిద్ధపడ్డాను కూడా. ఆమె చక్రం మీంచి చెయ్యి తీసి, లేచి, లోపలికి వెళ్ళిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ మూడు పూటలా నా కంచం ఎప్పుడూ ఉండే చోటే ఉండేది.

నాలుగో రోజు పొద్దున బావ అలమర ముందు నిలబడి చొక్కా వెతుక్కుంటున్నాడు. ఎడమ చేత్తో కాలరు పట్టుకుంటే ముడులు అందడం లేదు, అవి కుడి వైపున్నాయి. వేళ్ళు తిప్పుతున్నాడు, జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా కుడి చెయ్యి నేర్చుకున్న చదువు ఎడమ చేతికి ఒక్క ముక్క రాదు. చివరికి ఏదో ఒకటి తొడుక్కుని వచ్చాడు. అది నా చొక్కా.

ఆ మధ్యాహ్నం అక్క ఆయన చొక్కాలన్నీ ముందేసుకుని కూర్చుంది. పాత ముడులు ఒక్కొక్కటే విప్పేసి, కాలరు ఎడమ వైపు కొత్తవి వేయడం మొదలుపెట్టింది, ఈసారి ఇంకాస్త లావుగా. కాసేపయ్యాక నా వైపు చూడకుండానే సూదీ దారం చాపింది. ఎక్కించి ఇచ్చాను. వెలుతురు పోతోంది, వాకిలి దగ్గరికి జరిగి కూర్చున్నాం.

నీలం చొక్కాకి రెండు ముడులు వేసి, దారం కొరికి, నాకు అందించింది.

"రెండూ పడ్డాయా? చూశావా?"

కాలరు మడత విప్పి, వెలుతురుకి పట్టి, వంగి చూశాను. రెండు ముడులూ పక్కపక్కన సరిగ్గా ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు చూశాను.

"చూశాను" అన్నాను.

అక్క చొక్కా నా చేతిలోంచి తీసుకుంది. కాలరు లోపలికి బొటనవేలు పెట్టి ముడులు తనే తడిమి లెక్కపెట్టుకుంది. ఆ తర్వాతే మడత పెట్టి పక్కన పెట్టింది.